ఐఎస్38 టర్బో వేసిన ఆడి టీటీకి ఏ ట్యూనింగ్ మంచిది? రెడీమేడ్ ఫైలా, లాగ్స్ పంపి చేయించుకునేదా, డైనోనా, బాక్సా?

టీటీ_క్వాట్రో_హైద్ రాశారు:

అందరికీ నమస్కారం. కారు 2016 ఆడి టీటీ 45 టీఎఫ్ఎస్ఐ క్వాట్రో. ఇప్పటిదాకా బిగించినవి: ఐఎస్38 టర్బో (కారుతో వచ్చిన ఐఎస్20 కన్నా పెద్దది), పెద్ద ఇంటర్‌కూలర్, 3 అంగుళాల డౌన్‌పైపు (200 సెల్ క్యాట్, అంటే పొగని శుద్ధి చేసే కన్వర్టర్, ఉంది), ఇన్‌టేక్. గేర్‌బాక్స్ ఆరు గేర్ల డీక్యూ250 డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్), దాన్ని ముట్టుకోలేదు. సాఫ్ట్‌వేర్ ఇంకా కంపెనీదే.

రోజూ గచ్చిబౌలి నుంచి బేగంపేట, ఏడాదికి ఒకట్రెండు సార్లు చెన్నై ట్రాక్. పెట్రోలు మామూలుగా ఎక్స్‌పీ95 (95 ఆక్టేన్), దొరికితే ఎక్స్‌పీ100 (100 ఆక్టేన్). నాకు కనిపిస్తున్న దారులు నాలుగు: పేరున్న ట్యూనింగ్ కంపెనీ స్టేజ్ ఫైల్ (రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) ఓబీడీ పోర్టు నుంచి ఈసీయూలోకి (ఇంజిన్ కంప్యూటర్) ఫ్లాష్ చేయించడం, లాగ్స్ (నడిపేటప్పుడు రికార్డయిన ఇంజిన్ రీడింగులు) పంపి దూరం నుంచి ట్యూన్ చేయించుకోవడం, ఇక్కడే డైనో (కారుని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద కస్టమ్ మ్యాప్, లేదా పిగ్గీబ్యాక్ బాక్స్. స్టాండలోన్ ఈసీయూ (అసలు దాని బదులు పెట్టే వేరే ఈసీయూ) కూడా కొందరు చెప్పారు. ఏది, ఎందుకు?

ఈసీయూ_డెస్క్ రాశారు:

ముందు ఒక మాట. ఐఎస్20కి రాసిన కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద ఐఎస్38 పెట్టి కాలు పూర్తిగా నొక్కకండి. వేస్ట్‌గేట్ (టర్బోని తప్పించి పొగని వదిలే తలుపు) ఎంత తెరిస్తే ఎంత బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి పీడనం) వస్తుందన్న లెక్క రెండు టర్బోలకూ వేరు. ఈసీయూ అడిగింది ఒకటి, వచ్చేది ఒకటి అయ్యి లింప్ మోడ్‌లో, అంటే పవర్ తగ్గించుకుని కాపాడుకునే స్థితిలో, పడుతుంది. ఈ ఇంజిన్‌లో వేస్ట్‌గేట్ యాక్చుయేటర్ ఎలక్ట్రిక్‌ది. టర్బో మార్చిన తర్వాత వీసీడీఎస్‌తో గానీ ఓడిస్‌తో గానీ (డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్లు) దాని అడాప్టేషన్ (దాని హద్దుల్ని ఈసీయూకి మళ్లీ నేర్పడం) చేయించారా? అది చేయకుండా ఎంత మంచి ఫైల్ వేసినా బూస్ట్ ఊగుతూనే ఉంటుంది, తప్పంతా ట్యూనర్ మీదికి పోతుంది.

ఇక పద్ధతి. మీ కారుకి స్టేజ్ ఫైల్ సరిపోకపోవడానికి ఒక గట్టి కారణం ఉంది. ఐఎస్38 ఫైళ్లు ఎక్కువగా ఎస్3, గోల్ఫ్ ఆర్ కోసం పుట్టినవి. ఆ ఇంజిన్ల కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే నిష్పత్తి) 9.3:1. మీ 230 హార్స్‌పవర్ ఇంజిన్‌ది 9.6:1. చూడ్డానికి చిన్న తేడా. కానీ అదే బూస్ట్‌కి, అదే పెట్రోలుకి మీ ఇంజిన్ ముందుగా నాక్ అవుతుంది (పెట్రోలు మిశ్రమం దానంతట అదే పేలుతుంది). ఆ ఫైల్‌లోని ఇగ్నిషన్ టైమింగ్‌ని (స్పార్క్ వేసే క్షణం) మీ ఈసీయూ ప్రతి పుల్‌లోనూ (కాలు పూర్తిగా నొక్కి లాగినప్పుడల్లా) వెనక్కి లాక్కుంటూ ఉంటుంది. పేపర్ మీద పవర్ ఉంటుంది, చక్రాల దగ్గర ఉండదు.

నా సలహా: లాగ్స్ ఆధారంగా చేసే ట్యూన్, చివర్లో డైనో మీద ఒక్కసారి సరిచూసుకోవడం.

స్టేజ్_వన్_చాలు రాశారు:

కొంచెం విభేదిస్తాను. పేరున్న కంపెనీ రెడీమేడ్ ఫైల్‌లో ఒక గుణం ఉంది, దాన్ని తక్కువ చేయొద్దు. ఒకే ఫైల్ ఎన్నో దేశాల్లో, ఎన్నో కార్లలో తిరిగి ఉంటుంది. ఎగ్జాస్ట్ వేడి ఎక్కువైతే పెట్రోలు పెంచే లెక్క, నాక్ వస్తే టైమింగ్ తగ్గించే లెక్క, ఇన్‌టేక్ గాలి వేడెక్కితే బూస్ట్ తగ్గించే లెక్క అన్నీ ఫ్యాక్టరీలో ఉన్నట్టే వదిలేస్తారు. కస్టమ్ అని చెప్పి కొందరు మొదట చేసే పని, నంబర్ పెద్దగా రావడానికి ఈ రక్షణలనే తీసేయడం. అలాంటి కస్టమ్ కన్నా మంచి స్టేజ్ ఫైల్ వెయ్యి రెట్లు మేలు.

అన్నీ కంపెనీవే ఉన్న ఐఎస్20 టీటీకి అయితే ఇంకో మాట లేదు, స్టేజ్ 1 వేయించుకుని నిశ్చింతగా తిరగొచ్చు. కంప్రెషన్ సంగతి మాత్రం ఈసీయూ_డెస్క్ గారు చెప్పింది నిజం. అయినా టీటీ 230 మీద ఐఎస్38 అని స్పష్టంగా రాసి ఇచ్చే కంపెనీ ఫైల్ దొరికితే అది మీ మొదటి మెట్టు కావచ్చు. ఏ కంప్రెషన్‌కి, ఏ ఆక్టేన్‌కి రాశారో రాతపూర్వకంగా అడగండి. అది చెప్పని వాళ్ల దగ్గర ఆగొద్దు.

క్లచ్‌ప్యాక్ రాశారు:

బాక్స్ గురించి నేను చెప్తా అన్నా. డీఎస్‌జీ ఉన్న బండికి పిగ్గీబ్యాక్ వద్దు, గంతే. ఎందుకో జెర వివరంగ చెప్తా.

ఆ బాక్స్ ప్రెషర్ సెన్సర్ వైర్ మధ్యల కూసుంటది. అసలు 2.3 బార్ ఉంటే ఈసీయూకి 2.0 అని అబద్ధం చెప్తది. ఈసీయూ ఇంకా బూస్ట్ కావాలని పెంచుతది. బండి ఉరుకుతది, బాగనే ఉంటది. కానీ డీక్యూ250 క్లచ్‌లని ఎంత గట్టిగ పట్టాల్నో గేర్‌బాక్స్ కంప్యూటర్ సొంతంగ కొలవదు. "ఇంజిన్ ఇంత టార్క్ ఇస్తున్నది" అని ఈసీయూ చెప్పిన లెక్క మీదనే నూనె ప్రెషర్ పెడ్తది. ఈసీయూకే అబద్ధం చెప్పినంక గేర్‌బాక్స్‌కి నిజం యాడికెళ్లి వస్తది? ఇంజిన్ 450 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే క్లచ్ 370కి సరిపడ పడ్తది. జారుతది. తడి క్లచ్ కాబట్టి ఒక్కనాడు తెల్వది, నూనె నల్లగ అయితది, ఫిల్టర్ల పొడి వస్తది, రెండోది నుంచి మూడోది పడేటప్పుడు ఆర్‌పీఎం కొద్దిగ ఎగురుతది. అప్పటికే ఆలస్యమైనట్టు.

ఫ్లాష్ ట్యూన్‌ల కూడ ఈ మోసం ఉంటది. టీసీయూ (గేర్‌బాక్స్ కంప్యూటర్) ట్యూన్ పైసలు మిగిల్చాలని కొందరు ఈసీయూ చూపించే టార్క్‌నే తగ్గిచ్చి రాస్తరు. ఫలితం అదే. ట్యూనర్‌ని సీదా అడుగు: టార్క్ లెక్క నిజం చూపిస్తున్నవా, లేదా? మీ కార్ల స్టాక్ 370. ఐఎస్38తో 450 దాటుడు పెద్ద పని కాదు. కాబట్టి ఈసీయూతో పాటు టీసీయూ ఫ్లాష్ కచ్చితంగ కావాలె. దానికన్నా ముందు డీఎస్‌జీ నూనె, ఫిల్టర్ మార్చు. మార్చేటప్పుడు 5 లీటర్లకు పైన పడ్తది, లెవల్ చూసేటప్పుడు నూనె వేడి సరిగ్గ ఉండాలె. 60,000 కి.మీ. అని పుస్తకంల ఉంటది, ట్యూన్ చేసినంక అంతదాక ఆగొద్దు.

ఇంకోటి. హాల్డెక్స్ (వెనక చక్రాలకు పవర్ పంపే క్లచ్) పంపు జాలి తీసి శుభ్రం చేపియ్యి. ఒట్టి నూనె మారిస్తే సరిపోదు. జాలి మూసుకుపోతే వెనక చక్రాలకు పవర్ పోదు, మొత్తం ముందటి టైర్ల మీదనే పడ్తది.

రోలర్_రోడ్ రాశారు:

డైనో విషయం. క్వాట్రో (నాలుగు చక్రాల డ్రైవ్) కాబట్టి రెండు చక్రాల డైనో మీద ఎక్కించొద్దు. నాలుగు చక్రాల డైనో అయితే ముందు రోలర్లు, వెనక రోలర్లు ఒకే వేగంతో తిరిగేలా కలిపి ఉన్నాయా అని అడగండి. వేగాల్లో తేడా వస్తే హాల్డెక్స్, ఈఎస్‌పీ (కారు అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ) రెండూ గందరగోళపడతాయి. ఎదురుగా పెట్టే ఫ్యాన్ ఇంటర్‌కూలర్‌కి గాలి కొడుతోందా, పక్కకి పోతోందా అన్నది కళ్లతో చూడండి.

లోడ్ పట్టి ఉంచగల డైనోకీ, ఒట్టి బరువు రోలర్ తిప్పే డైనోకీ తేడా ఉంది. మ్యాప్ రాయాలంటే మొదటిదే కావాలి. 3,000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్‌ని నిలిపి ఉంచి టైమింగ్ ఒక్కో డిగ్రీ పెంచుతూ టార్క్ ఎక్కడ ఆగిపోతుందో చూడాలి. రెండో రకం ట్యూన్‌కి ముందు, తర్వాత పోల్చి చూసుకోవడానికే.

నంబర్లను నమ్మేముందు ఏ కరెక్షన్ (వాతావరణాన్ని బట్టి నంబర్‌ని సర్దే సూత్రం) వాడారో అడగండి. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు. ఇక్కడ గాలి పీడనం 950 మిల్లీబార్ల చుట్టూ ఉంటుంది. ఎస్ఏఈ జే1349 సూత్రం 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల పొడి గాలిని ప్రామాణికంగా తీసుకుంటుంది. మే నెలలో షెడ్డులో 40 డిగ్రీలుంటే ఆ సూత్రం దాదాపు 10 శాతం కలిపి చూపిస్తుంది. డిసెంబర్‌లో 20 డిగ్రీలప్పుడు 5 శాతమే కలుపుతుంది. బూస్ట్‌ని తనే సర్దుకోని ఇంజిన్లకే ఆ సూత్రం సరిపోతుంది. టర్బో కారులో ఈసీయూ అసలు పీడనాన్ని చూసుకుని బూస్ట్‌ని తనే సర్దుకుంటుంది. దాని మీద మళ్లీ 10 శాతం కలిపితే 300 కాస్తా 330 అవుతుంది. మీకు కావాల్సింది కరెక్షన్ లేని గ్రాఫ్, పక్కన ఆ రోజు ఉష్ణోగ్రత, పీడనం.

ఈసీయూ_డెస్క్ రాశారు:

రోలర్_రోడ్ గారు ఎత్తు ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఒక లెక్క. ఫైల్ 2.5 బార్ అబ్సల్యూట్ (బయటి గాలి పీడనం కూడా కలిపి) అడిగిందనుకోండి. చెన్నైలో టర్బో బయటి గాలిని 2.47 రెట్లు నొక్కితే చాలు. ఇక్కడ 2.63 రెట్లు నొక్కాలి. అంటే అదే బూస్ట్‌కి టర్బో ఇంకా వేగంగా తిరగాలి, ఇంకా వేడి గాలి వదలాలి. ఐఎస్38లో షాఫ్ట్ విరగడం ఊరికే వచ్చిన పేరు కాదు. సముద్ర మట్టం దగ్గర రాసిన ఫైల్ ఇక్కడ 6,000 ఆర్‌పీఎం పైన కూడా అదే బూస్ట్ అడిగితే టర్బో ఆయుష్షు తగ్గుతుంది. పై ఆర్‌పీఎంలో బూస్ట్‌ని మెల్లగా దించమని ట్యూనర్‌కి ముందే చెప్పండి. అక్కడ పోయే పది హార్స్‌పవర్ రోడ్డు మీద మీకు తెలియను కూడా తెలియదు.

పాత_సిటీ_వీటెక్ రాశారు:

మధ్యలో అడ్డొస్తున్నా, స్టాండలోన్ ఎవరికి పనికొస్తుంది మరి? నాది పాత హోండా సిటీ 1.5 వీటెక్, మాన్యువల్, టర్బో పెట్టాలని. లక్ష్యం 200 హార్స్‌పవర్.

ఈసీయూ_డెస్క్ రాశారు:

మీకే పనికొస్తుంది. టీటీలో స్టాండలోన్ పెడితే డీఎస్‌జీ, హాల్డెక్స్, ఈఎస్‌పీ, మీటర్ అన్నీ క్యాన్ లైన్ (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగ) మీద ఎదురుచూసే సందేశాలు ఆగిపోతాయి. పైగా డైరెక్ట్ ఇంజెక్టర్లని నడిపే సత్తా ఉన్న ఈసీయూ కావాలి. రోడ్డు కారుకి అర్థం లేని ఖర్చు. మీ సిటీలో ఉన్నవి పోర్ట్ ఇంజెక్షన్, మాన్యువల్ గేర్‌బాక్స్; అలా మాట్లాడుకునే కంప్యూటర్లు లేవు. స్టాండలోన్, బాష్ ఎల్ఎస్‌యూ 4.9 వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్, 3 బార్ మ్యాప్ (ఇన్‌టేక్ పీడనం) సెన్సర్, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత సెన్సర్ చాలు.

ఇంజెక్టర్ లెక్క: 200 హార్స్‌పవర్‌కి, టర్బో కాబట్టి గంటకి హార్స్‌పవర్‌కి 0.6 పౌండ్లు, నాలుగు ఇంజెక్టర్లు, 80 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం). ఒక్కోటి నిమిషానికి 395 సీసీ దగ్గర వస్తుంది. ఈ20 (20 శాతం ఇథనాల్) పెట్రోలుకి 9 శాతం కలిపితే 430. కాబట్టి 440 సీసీవి తీసుకోండి. మిగతాది వేరే థ్రెడ్‌లో అడగండి, ఇక్కడ టీటీ సంగతే చూద్దాం.

బంక్_పరీక్ష రాశారు:

అసలు పెద్ద విషయం ఎవరూ ఎత్తలేదు: ఇథనాల్. పద్ధతి ఏదైనా, ఏ పెట్రోలు మీద ట్యూన్ చేశారో అదే పోయాలి, అంతకన్నా తక్కువ ఆక్టేన్‌ది మాత్రం వద్దు. ఇథనాల్ లేని పెట్రోలుకి గాలి, ఇంధనం నిష్పత్తి 14.7. ఈ20కి 13.5. అంటే అంతే గాలికి 9 శాతం ఎక్కువ ఇంధనం తోడాలి. నాక్ విషయంలో ఇథనాల్ మంచిదే, చల్లబరుస్తుంది, ఆక్టేన్ పెంచుతుంది. ఇబ్బంది పంపు దగ్గర. ఐఎస్38తో పై ఆర్‌పీఎంలో హై ప్రెషర్ పంపు అప్పటికే చివరి అంచున ఉంటుంది.

కాబట్టి ట్యూనర్‌తో మాట్లాడేటప్పుడు 12.2, 11.8 అని ఏఎఫ్ఆర్ (గాలి, ఇంధనం నిష్పత్తి) అంకెల్లో మాట్లాడొద్దు, లాంబ్డాలో (ఆ నిష్పత్తి, ఆ పెట్రోలుకి ఉండాల్సిన దానిలో ఎంత వంతో) మాట్లాడండి. ఏ పెట్రోలైనా లాంబ్డా 0.84 అంటే 0.84నే.

బంక్ పెట్రోలులో ఇథనాల్ ఎంతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల గాజు కొలజాడీ తీసుకోండి, ల్యాబ్ సామాను దుకాణాల్లో దొరుకుతుంది. అందులో సరిగ్గా 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోలు. మూత పెట్టి నిమిషం పాటు ఊపి, మధ్యలో ఒకసారి మూత వదులు చేసి ఆవిరి పోనివ్వండి. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ పెట్రోలుని వదిలి నీళ్లతో కలిసి కిందికి దిగుతుంది. మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. కింది పొర 28 మి.లీ. దగ్గర ఉంటే 18 మి.లీ. ఇథనాల్, అంటే 90లో 20 శాతం. ఆరుబయట చేయండి, దగ్గర్లో నిప్పు, ఫోన్ ఛార్జర్ ఏదీ ఉండకూడదు. ఆ పెట్రోలు మళ్లీ ట్యాంకులో పోయకండి.

ఎక్స్‌పీ100 లీటరు రూ.150 దాటే ఉంటుంది, అన్ని బంకుల్లో ఉండదు. దొరికితే పోస్తాను అనే పెట్రోలు మీద మ్యాప్ రాయించుకోకండి. ఎక్స్‌పీ95 మీద రాయించి, ట్రాక్‌కి వెళ్లేటప్పుడు 100 పోసుకోండి. అప్పుడు మిగిలేది మీకు రక్షణ.

టీటీ_క్వాట్రో_హైద్ రాశారు:

చాలా కృతజ్ఞతలు. వేస్ట్‌గేట్ అడాప్టేషన్ చేయించాను, డీఎస్‌జీ నూనె, హాల్డెక్స్ జాలి అయ్యాయి. లాగ్స్ దారిలో వెళ్తున్నాను. ఎక్స్‌పీ95 మీద ట్యూనర్ మొదటి ఫైల్ పంపారు. లాగ్‌లో ముఖ్యమైనవి: 4,200 ఆర్‌పీఎం దగ్గర అడిగిన బూస్ట్ 2.40 బార్ అబ్సల్యూట్, వచ్చింది 2.38. లాంబ్డా 0.84. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత 46 నుంచి 61కి. నాక్ తగ్గింపు (నాక్ వల్ల ఈసీయూ వెనక్కి లాగిన టైమింగ్) 1, 2, 4 సిలిండర్లలో 0 నుంచి 1.5 డిగ్రీలు, మూడో సిలిండర్‌లో 4.5. రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే పెట్రోలు పీడనం) 200 బార్ అడిగితే 6,000 దగ్గర 165. దీన్ని ఎలా చదవాలి?

ఈసీయూ_డెస్క్ రాశారు:

బూస్ట్ మొదటి ఫైల్‌కే అడిగిన దాని మీద కూర్చుంది, బాగుంది. లాంబ్డా సరే. ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెరగడం ఈ ఎండల్లో ఒప్పుకోదగ్గదే, ఇంటర్‌కూలర్ పని చేస్తోంది.

మూడో సిలిండర్ సంగతి చూడాలి. పెట్రోలు బాగాలేకపోతే నాలుగూ కలిసి పడతాయి. ఒక్కటే పడుతోందంటే ఆ సిలిండర్‌లోనే ఏదో ఉంది. ప్లగ్గులు తీసి మూడోది, ఒకటోది తారుమారు చేయండి. తీసినప్పుడు గ్యాప్ కొలవండి, ఈ బూస్ట్‌కి 0.6 మి.మీ. ఉంచండి. మళ్లీ అదే గేర్‌లో, అదే ఉష్ణోగ్రతలో పుల్ తీయండి. తగ్గింపు ఒకటో సిలిండర్‌కి మారితే ప్లగ్గే దోషి. మూడులోనే ఉంటే ఇంజెక్టర్, తర్వాత వాల్వుల మీద మసి. బోర్‌స్కోప్‌తో చూసి, మసి ఉంటే అక్రోట్ పెంకు పొడితో బ్లాస్టింగ్. ఇది తేలేదాకా రెండో ఫైల్‌లో టైమింగ్ పెంచమని అడగొద్దు.

రైల్ ప్రెషర్ 165కి పడటం బంక్_పరీక్ష గారు చెప్పిన పంపు అంచే. లో ప్రెషర్ పంపు కూడా లాగ్ చేయండి. అక్కడా ప్రెషర్ పడుతుంటే ముందు ట్యాంకులోని పంపు, అక్కడ నిలకడగా ఉంటే హై ప్రెషర్ పంపు. పంపు మార్చే ఉద్దేశం లేకపోతే 5,500 పైన బూస్ట్ 0.15 బార్ తగ్గించి రాయమనండి.

ఇంకోటి, 2,000 ఆర్‌పీఎం లోపే టార్క్ కొండలా లేచేలా రాయనివ్వకండి. తక్కువ వేగంలో, పెద్ద గేర్‌లో, పూర్తి లోడ్ మీద ముందస్తు మంట పుడితే ఒక్కసారికే పిస్టన్ పగులుతుంది, నాక్ సెన్సర్ ఆపలేదు. పూర్తి బూస్ట్ 3,000 దాటాక రావాలి.

స్టేజ్_వన్_చాలు రాశారు:

రెండు జాగ్రత్తలు. ఫ్లాష్ చేసే ప్రతిసారీ బ్యాటరీకి 13 వోల్టులు నిలకడగా ఇచ్చే సప్లై పెట్టండి, మధ్యలో వోల్టేజ్ పడితే ఈసీయూ బెంచ్ మీదికి వెళ్లాల్సి వస్తుంది. కంపెనీ అసలు ఫైల్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. డీలర్ దగ్గర ఈసీయూ అప్‌డేట్ చేస్తే ట్యూన్ చెరిగిపోతుంది, కారు ఆన్‌లైన్‌కి కలిపితే ట్యూన్ చేసినట్టు గుర్తు కూడా పడవచ్చు.

పాప్స్ అండ్ బ్యాంగ్స్ మ్యాప్ వద్దనండి. మీకు క్యాట్ ఉంది. కాలు తీసినప్పుడు పెట్రోలు పైపులో మండిస్తే క్యాట్ లోపలి తేనెపట్టు లాంటి జాలి కరిగి, ముక్కలై, ఎగ్జాస్ట్‌కి అడ్డం పడుతుంది.

ఔటర్_120 రాశారు:

లాగ్ పుల్స్ ఎక్కడ తీస్తున్నారు? మూడో గేర్‌లో 6,500 దాకా వెళ్తే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న 120 కి.మీ. పరిమితి దాటిపోతుంది. అక్కడ ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర లారీలు ఎక్కుతుంటాయి. లోడ్ డైనో గంట లెక్కన అద్దెకు తీసుకుని తీయండి, లాగ్ కూడా శుభ్రంగా వస్తుంది.

చట్టం కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా మార్పులు కుదరవు. 2019 సవరణ తర్వాత 182ఏ(4) కింద యజమానికి ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

టీటీ_క్వాట్రో_హైద్ రాశారు:

ప్లగ్గులు తారుమారు చేశాను. తగ్గింపు ఒకటో సిలిండర్‌కి మారింది, 4 డిగ్రీలు. ఆ ప్లగ్గు గ్యాప్ 0.85 ఉంది, పింగాణీ మీద సన్నటి పగులు. నాలుగూ కొత్తవి, 0.6కి పెట్టి వేశాను. ఇప్పుడు నాలుగు సిలిండర్లూ 1.5 లోపే. లో ప్రెషర్ నిలకడగానే ఉంది. పంపు ఇప్పుడు మార్చను, రెండో ఫైల్‌లో 5,500 పైన బూస్ట్ తగ్గించమన్నాను. టీసీయూ ఫ్లాష్ దానితో పాటే, టార్క్ లెక్క నిజమే చూపిస్తానని ట్యూనర్ రాసి ఇచ్చారు. వచ్చే లాగ్ ఔటర్ మీద కాదు, డైనో మీదే తీస్తాను.

రోలర్_రోడ్ రాశారు:

మంచిది. డైనో రోజు మధ్యాహ్నం రెండు గంటల స్లాట్ అడగండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాదు. వరుసగా మూడు పుల్స్, మధ్యలో రెండు నిమిషాలే విరామం. మూడో పుల్‌లో నాక్ తగ్గింపు మొదటి దానికన్నా ఒక డిగ్రీకి మించి పెరగకపోతే ఆ ఫైల్‌తో చెన్నై వెళ్లొచ్చు. పెరిగితే వేడి గాలికి టైమింగ్ తగ్గించే పట్టికలో 55 డిగ్రీల పై గడులు సరిదిద్దమనండి. గ్రాఫ్ ఇక్కడ పెట్టండి, కరెక్షన్ లేకుండా.